ఉచితాల మీద తీర్పు చెప్పే ఆర్థికవేత్తలకు ఒక బహిరంగ లేఖ

ఆర్థికవేత్తలకు నమస్కారం.

ఎవరో ఒక్కరిని ఉద్దేశించి రాస్తున్న ఉత్తరం కాదిది. టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లు, పత్రికలకి వ్యాసాలు రాసేవాళ్లు, ప్రభుత్వ కమిటీల్లో సభ్యులుగా ఉండేవాళ్లు, మొత్తంగా ఏ పథకం సంక్షేమమో ఏది తాయిలమో తేల్చి చెబుతున్న మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ చర్చ మొదలవుతుంది. యాంకర్ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే, "సార్, ఆడవాళ్లకి బస్సు ఫ్రీ ఇవ్వడం కరెక్టేనా?" మీలో చాలామంది కరెక్టు కాదంటారు, ఖజానా గుల్లవుతుందంటారు, జనం సోమరిపోతులవుతారంటారు. తెర మీద మీ పేరు కింద ప్రొఫెసర్ అనో మాజీ సలహాదారు అనో పడుతుంది కాబట్టి, ఇంత చదువుకున్న మనిషి చెప్పాడంటే అది తప్పే అయ్యుంటుందని చూసేవాళ్లు అనుకుంటారు.

నా అభ్యంతరం అక్కడే. ఆ పథకానికి ఏడాదికి ఎంతవుతుంది, ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాల్సిన డబ్బు వేళకి కడుతోందా, ఆ డబ్బు కోసం ఏ పద్దు కోశారు, ఇవన్నీ మీరు చెబితే మేం నేర్చుకుంటాం. కానీ "కరెక్టేనా" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, మీ జవాబుకి పల్లెవెలుగు బస్సులో జీరో టికెట్ పట్టుకుని నిలబడ్డ ఆవిడ జవాబు కంటే ఎక్కువ విలువ ఎందుకివ్వాలి? ఈ ప్రశ్న నేను కోపంతో అడగడం లేదు. మీ నుంచి జవాబు కావాలనే అడుగుతున్నాను.

మీ శాస్త్రం మీద నాకు చిన్నచూపు లేదు, పైగా మీ మాట వినకపోతే ఏమవుతుందో ఉచిత కరెంటు దగ్గర చూశాం. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. నీళ్లు తోడటానికి పైసా ఖర్చు లేనప్పుడు మోటారు ఆపడానికి రైతుకి కారణం ఉండదని, భూగర్భ జలం అడుగంటుతుందని మీరు చెబుతూనే ఉన్నారు, పంజాబ్‌ని చూపించి మరీ చెప్పారు. అది నిజం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టేటప్పుడు, ఆటో స్టార్టర్లు తీసెయ్యండి బాబూ అని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలుకోవాల్సి వచ్చింది, కరెంటు ఉన్నంతసేపూ మోటార్లు వాటంతటవే తిరిగితే బోర్లు ఎండిపోతాయని. ఇంకో మాట కూడా మీరే చెప్పారు, ఉచిత కరెంటు లాభం బోరున్న రైతుకే గానీ బోరు లేనివాడికి, భూమే లేని కూలీకి కాదని. పేదల పథకం అని చప్పట్లు కొట్టినవాళ్లు ఈ విషయం ఆలోచించలేదు. ఎవరికి ఎంత చేరుతుందో తెలియకుండా న్యాయం గురించి మాట్లాడితే అది ఉత్త ఉపన్యాసమే. ఇక్కడ మీ మాటకి బరువు ఉంది, ఉండాలి కూడా.

అయితే ఆ తర్వాత జరిగేది చూడండి. నీళ్లు అడుగంటుతున్నాయి అన్న మాట నుంచి, కాబట్టి రైతు దగ్గర చార్జీ వసూలు చెయ్యాలి అన్న మాటకి మీలో చాలామంది ఒక్క గెంతు గెంతుతారు, ఆ రెండింటి మధ్యా ఏమీ లేనట్టు. అదే నిజం నుంచి ఇంకా చాలా దారులున్నాయి. ఇన్ని ఎకరాల వరకే ఉచితం అని హద్దు పెట్టొచ్చు, వరి బదులు జొన్నో కందో వేసిన రైతుకి ఎక్కువ ధర ఇవ్వొచ్చు, చెరువులు బాగుచెయ్యొచ్చు, కరెంటు సబ్సిడీని నగదుగా చేతికే ఇచ్చి ఎంత తోడుకుంటావో నీ ఇష్టం అనొచ్చు. ఒక్కో దారిలో కష్టం ఒక్కొక్కరి మీద పడుతుంది. ఎవరి మీద ఎంత కష్టం పెట్టొచ్చు అన్నది మాత్రం మీ పట్టికలు చెప్పవు.

ఈ గెంతు ఎంత దూరం తీసుకెళ్లగలదో హైదరాబాద్‌లో 2000 ఆగస్టు 28న చూశాం. ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలు నడుస్తున్న రోజులవి, చార్జీలు పెంచారు, జనం రోడ్డెక్కారు, బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. తుపాకీ పట్టింది మీరు కాదు, ఆ నేరం మీ మీద మోపడం లేదు. కానీ చార్జీల పెంపు ఒక సాంకేతిక విషయమని, అది అర్థం కానివాళ్లే వద్దంటున్నారని అప్పట్లో గట్టిగా వినిపించిన వాదన మీ భాషలోనే వచ్చింది. వద్దన్నవాళ్లకి చాలా బాగా అర్థమైంది. ఆ బిల్లు ఎవరి ఇంటికి వస్తుందో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు బియ్యం సంగతికి వస్తాను, నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు దాన్ని జనాకర్షక పథకం అన్నారు, రాష్ట్రం భరించలేదన్నారు. 1996లో ధర మూడున్నర రూపాయలకి పెంచారు, 2008లో మళ్లీ రెండు రూపాయలకి తెచ్చారు, తర్వాత రూపాయికే ఇచ్చారు. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసి దేశంలో మూడింట రెండు వంతుల మందికి మూడు రూపాయలకే కిలో బియ్యం హక్కు చేసింది. 2023 జనవరి నుంచి అవీ ఉచితమే. ఇక 2022 జూన్ నాటి రిజర్వు బ్యాంకు బులెటిన్‌లో రాష్ట్రాల ఆర్థిక స్థితి మీద వచ్చిన వ్యాసం తీసి చదవండి. ఉచితాలకి కచ్చితమైన నిర్వచనం లేదంటూనే అందులో రెండు వరసలు గీశారు. రేషన్ బియ్యం, ఉపాధి హామీ, చదువు, వైద్యం మంచి వరసలో ఉన్నాయి, వాటి మీద ఖర్చు ఆర్థికంగా మేలు చేస్తుందట. ఉచిత కరెంటు, ఉచిత నీళ్లు, ఉచిత రవాణా, రైతు రుణమాఫీ రెండో వరసలో ఉన్నాయి, అవి ధరల్ని తారుమారు చేస్తాయట, పని చేయాలన్న ఆసక్తిని తగ్గిస్తాయట.

1983కీ 2022కీ మధ్య బియ్యం గింజలో ఏం మారింది? ఏమీ మారలేదు. కొత్త సూత్రం ఏదో కనిపెట్టి మీరు రేషన్‌ని ఈ వరసలోకి మార్చలేదు. ఆకలితో ఎవరూ పడుకోకూడదని జనం అనుకున్నారు, దానికి ఓట్లేశారు, తీసేస్తామన్న ప్రభుత్వాల్ని భయపెట్టారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, చివరికి అది చట్టమైంది. చట్టమయ్యాక దాన్ని మీరు మంచి వరసలో రాసుకున్నారు. సమాజానికి ఇది అవసరం, కొనగలిగినవాడికే వదిలెయ్యకూడదు అనే సరుకుల్ని మెరిట్ గూడ్స్ అనడం 1950లలో రిచర్డ్ మస్‌గ్రేవ్ అనే ఆర్థికవేత్తతో మొదలైంది. ఆ జాబితాలో ఏది ఉండాలన్నది ఆయన కాలంలోనూ నైతిక నిర్ణయమే, ఇప్పుడూ అంతే. అలాంటప్పుడు బస్సు టికెట్ ఎప్పటికీ రెండో వరసలోనే ఉంటుందని ఏ శాస్త్రంతో చెప్పగలరు?

అందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ "ఆర్థికంగా మేలు" అన్న కొలబద్ద. ఆంధ్రలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000 రూపాయలు. ఎనభై ఏళ్ల ముసలమ్మ చేతిలో పెట్టిన ఆ డబ్బు తిరిగి ఏ ఉత్పత్తినీ పెంచదు, ఆవిడ రేపు ఫ్యాక్టరీకి వెళ్లదు. ఆ డబ్బు అంగడికే చేరుతుంది కదా, గిరాకీ పెరుగుతుంది కదా అని మీరు సర్దిచెప్పగలరు, కానీ ఆ సర్దుబాటు అవసరమే లేదు. ఆవిడ తిండి తినాలి కాబట్టి ఇస్తున్నాం. మనిషి మీద పెట్టే ఖర్చు తిరిగొస్తేనే అది మంచి ఖర్చు అన్న నమ్మకం మీ శాస్త్రం కనిపెట్టిన నిజం కాదు, మనిషి విలువ గురించి మీరు ముందే పెట్టుకున్న ఒక అభిప్రాయం.

ఆ అభిప్రాయాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్తే ఎక్కడ తేలతామో ఒక పాత కాగితం చూపిస్తుంది. 1991 డిసెంబరులో, అప్పటి ప్రపంచ బ్యాంకు ముఖ్య ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్ సంతకంతో ఒక అంతర్గత నోట్ తయారైంది. కాలుష్యం వల్ల వచ్చే జబ్బుకి నష్టం అంటే పోయిన సంపాదన, కాబట్టి విషపు చెత్తని కూలి రేట్లు అన్నిటికంటే తక్కువున్న దేశంలో పారబోయడమే తర్కం ప్రకారం సరైనదని అందులో ఉంది. తర్వాత అది బయటికొచ్చి గొడవైతే, అది వ్యంగ్యంగా రాసింది, సిఫార్సు కాదు అని ఆయన వివరణ ఇచ్చారు. ఆ వివరణని నేను కాదనను. కానీ ఆ నోట్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే ఆర్థికశాస్త్రంలోంచి బయటికి రావాలి, లోపల కూర్చుంటే లెక్క సరిపోతూనే ఉంటుంది. కూలివాడి ఊపిరితిత్తులు అధికారి ఊపిరితిత్తుల కంటే చవక కాదు అన్న మాట ఏ సమీకరణమూ చెప్పదు.

పేదవాడికి ఇస్తే ఉచితం అంటారు, కంపెనీకి ఇస్తే ప్రోత్సాహకం అంటారు. 2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల పన్ను రేటు 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకి 15 శాతానికి తగ్గించింది, దాని వల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు మీలో ఎంతమంది దాన్ని తాయిలం అన్నారు? పన్ను తగ్గింపు తప్పని నేను వాదించడం లేదు, పెట్టుబడులు వస్తాయన్న ఆశతో చేశారు, వచ్చాయో లేదో మీరు లెక్కతీసి చెప్పాలి. కంపెనీకి డబ్బు వదిలేస్తే అది కష్టపడుతుందని, కూలి మనిషికి వదిలేస్తే పని మానేస్తాడని ముందే అనుకోవడం మాత్రం లెక్క కాదు.

పని మానేస్తారన్న మాటనైనా పరీక్షించి చెబుతున్నారా అంటే, పరీక్షించినవాళ్లు వేరే మాట చెప్పారు. అభిజిత్ బెనర్జీ, ఆయన సహచరులు ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన ఏడు నగదు బదిలీ పథకాల ఫలితాల్ని మళ్లీ విశ్లేషించి 2017లో ప్రచురించారు. డబ్బు తీసుకున్నవాళ్లు పని తగ్గించారనడానికి నిలకడైన ఆధారం వాళ్లకి దొరకలేదు. ఇది మీవాళ్లు మీ పద్ధతుల్లోనే చేసిన పని. అయినా టీవీలో సోమరిపోతుల మాట ఆగలేదు. మా వీధిలో ఇళ్లల్లో పనిచేసే ఒకామె ఇదివరకు నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే పని ఒప్పుకునేది, ఇప్పుడు బస్సెక్కి ఇంకో కాలనీలో కూడా ఇళ్లు పట్టుకుంది. ఒక్క మనిషి కథతో విధానం తేల్చలేమని నాకు తెలుసు. కానీ ఉచిత రవాణా పని మీద ఆసక్తి తగ్గిస్తుందని రాసేముందు ఇలాంటి ఆడవాళ్లని ఎవరైనా లెక్కపెట్టారా? అదే సమయంలో ఆటోవాళ్ల బేరాలు పడిపోయి తెలంగాణలో వాళ్లు రోడ్డెక్కారు. ఒకరికి మిగిలిన చార్జీ డబ్బులు ఇంకొకరి సంపాదనలోంచి పోతే ఎంత పోయాయో కొలిచి చెప్పడానికి మీకంటే తగినవాళ్లు లేరు. ఆ పని చేసిపెట్టండి, దండం పెడతాం.

మీ పెద్దల మాటే గుర్తుచేస్తాను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠం చెప్పిన లయొనెల్ రాబిన్స్ 1932లోనే తేల్చేశారు, ఒక మనిషికి కలిగే తృప్తిని ఇంకో మనిషి తృప్తితో పోల్చడానికి శాస్త్రంలో సాధనం లేదని. ఉన్నవాడి దగ్గర వంద తీసి లేనివాడికి ఇస్తే మొత్తం మీద మేలు పెరిగిందా లేదా అన్నది ఆర్థికశాస్త్రం చెప్పలేదని ఆ మాటకి అర్థం. అమర్త్య సేన్ లాంటివాళ్లు దాన్ని ఒప్పుకోక, నీతిని మళ్లీ చర్చలోకి తేవాలని జీవితమంతా వాదించారు, నేనూ ఆ పక్షమే. కానీ పోల్చలేమన్న సూత్రం క్లాసులో చెప్పి, స్టూడియోకి వచ్చి బస్సెక్కే ఆవిడ లాభం కంటే పన్ను కట్టేవాడి నష్టమే ఎక్కువ అని తీర్పు చెప్పడం కుదరదు. రెండింట్లో ఒకటి వదులుకోవాలి.

అప్పులు రేపటి పిల్లల నెత్తిన పడతాయన్న వాదన ఉంది చూశారూ, అది బలమైనది, నన్నూ ఆలోచింపజేస్తుంది. కానీ రేపటి మనుషులకి ఇవాళ ఎంత విలువ ఇవ్వాలన్న దాని మీద మీకే ఒప్పందం లేదు. బ్రిటన్ ప్రభుత్వం కోసం వాతావరణ మార్పు మీద 2006లో నివేదిక ఇచ్చిన నికొలస్ స్టెర్న్, తర్వాతి తరాల బాగుని ఏడాదికి 0.1 శాతం చొప్పున తగ్గించి చూశారు. తర్వాత నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హౌస్ వాడింది 1.5 శాతం. ఈ ఒక్క రేటు వరకే తీసుకుంటే, 100 ఏళ్ల తర్వాత మనిషికి కలిగే 100 పాళ్ల మేలు స్టెర్న్‌కి ఇవాళ 90 పాళ్లు, నార్డ్‌హౌస్‌కి దాదాపు 23 పాళ్లు. ఒకరు ఇప్పుడే గట్టిగా ఖర్చుపెట్టాలన్నారు, ఇంకొకరు మెల్లగా పెంచుకుంటూ పోదామన్నారు. ఇద్దరూ పండితులే, ఇద్దరికీ గణితం వచ్చు. తేడా వచ్చింది ఒక నైతిక అభిప్రాయం దగ్గర, అది ఒక చిన్న దశాంశంలో కూర్చుని ఉంది కాబట్టి మామూలు జనానికి కనపడదు. అలాంటి అంకెలు మీ నివేదికల్లో ఎన్నున్నాయో మీకే తెలియాలి.

పోలవరంలో 45.72 మీటర్ల ఎత్తున నీళ్లు నిలబెడితే ఏ ఊరి దాకా మునుగుతుందో ఇంజనీరు చెబుతాడు, ఆయన చెప్పిందే మనం నమ్మాలి. ఆ ఊళ్లు మునగడం న్యాయమా, మునిగితే ఆదివాసీలకి ఏం ఇవ్వాలి అన్నది ఆయన్ని అడిగి వదిలెయ్యం. మీ విషయంలో మాత్రం రెండు ప్రశ్నలూ కలిపి మీకే అప్పగిస్తున్నాం, మీరూ వద్దనడం లేదు.

విధానాల గురించి మేం ఎక్కువ ఆలోచించాం, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలని మాకు తెలుసు, అందుకే మా అభిప్రాయానికి విలువ ఎక్కువ అని మీలో కొందరు అనొచ్చు. అందులో కొంత నిజముంది. అయితే మీ నైతిక అభిప్రాయాలు నైపుణ్యం నుంచే వచ్చుంటే మీరంతా దాదాపు ఒకే మాట మీద ఉండాలి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చేటప్పుడు మీలో కొందరు డబ్బు మట్టిలో పోస్తున్నారన్నారు, జీన్ డ్రెజ్ లాంటివాళ్లు ఊరూరా తిరిగి దాని కోసం పోరాడారు. ఒకే శాస్త్రం చదివినవాళ్లు అంత దూరంగా నిలబడ్డారంటే, నిలబెట్టింది శాస్త్రం ఒక్కటే కాదు.

అసలు ఆర్థికవేత్తల్లో నేను నీతి విషయంలో తలవంచి వినే మనిషి అంబేడ్కర్. కొలంబియాలోనూ లండన్‌లోనూ ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్లు తీసుకున్న మనిషి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు, ఓటుకి ఒక విలువ ఉంటుంది, సామాజిక ఆర్థిక జీవితంలో మాత్రం ఆ సమానత్వం ఉండదు, ఈ వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం అని హెచ్చరించారు. ఆయన మాటకి బరువు డిగ్రీల నుంచి రాలేదు. తాను దేన్ని న్యాయం అనుకుంటున్నాడో దాచకుండా చెప్పాడు, కారణాలు చెప్పాడు, కాదనేవాళ్లకి జవాబిచ్చాడు, ఆ అన్యాయాన్ని ఒంటి మీద అనుభవించి వచ్చాడు. అలా మాట్లాడితే మీ మాటా వింటాం.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. తర్వాతి చర్చలో బస్సు గురించో పింఛను గురించో అడిగితే, ముందు తెలిసిన లెక్క చెప్పండి, ఎవరికి చేరింది, ఎవరు నష్టపోయారు, బకాయిలెన్ని, ఇంకే దారులున్నాయి అన్నది పూర్తిగా. ఆ తర్వాత కాస్త ఆగి, ఇక ఇప్పుడు చెప్పబోయేది ఒక పౌరుడిగా నా అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు అని చెప్పి అప్పుడు చెప్పండి. నివేదిక రాస్తే, ఏ అంకె కొలిచి పెట్టారో, ఏది మీ విలువల్ని బట్టి ఎంచుకున్నారో పక్కపక్కనే రాయండి.

ఇంకొకటి. 2022 ఆగస్టులో మన జస్టిస్ ఎన్వీ రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, ఉచితాల విషయం తేల్చడానికి నీతి ఆయోగ్, ఆర్థిక సంఘం, రిజర్వు బ్యాంకు, పార్టీలు లాంటివాళ్లతో ఒక నిపుణుల సంఘం ఉండాలన్న ఆలోచన సుప్రీంకోర్టులో వచ్చింది, తర్వాత విషయం ముగ్గురు న్యాయమూర్తుల బెంచికి వెళ్లింది. అలాంటి సంఘం ఎప్పుడైనా వేసి మిమ్మల్ని పిలిస్తే, లెక్కలు చెప్పడానికి తప్పకుండా వెళ్లండి. కానీ ఏది ఉచితమో ఏది హక్కో జాబితా రాయమంటే, రేషన్ కార్డు మీద బియ్యం తెచ్చుకునేవాళ్లకి, కౌలు రైతుకి, ఆటో డ్రైవరుకి, ఆర్టీసీ కండక్టరుకి కూడా అదే బల్ల చుట్టూ ఓటుతో సహా కుర్చీ వెయ్యండని, అప్పుడే మేం సంతకం పెడతామని చెప్పండి.

ఇట్లు,
మీ వ్యాసాలు చదివే ఒక ఓటరు